డబ్బా మీది అంకెలు, సీసాలోని పాలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మేము పిల్లల చదువుల గురించి, వజీఫాల గురించి రెండు మాటలు మనవి చేసుకోవడం ఆనవాయితీ. ఈ ఏడు కార్యదర్శి గారు, "మాస్టర్ సాబ్, చదువుల సంగతి ఎట్లాగూ చెప్తరు. ఈసారి పసిపిల్లల తిండి మీద చెప్పండి" అన్నారు. మేము డాక్టరు కాము, హకీము కాము. ఉర్దూ మీడియం స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పుకుని బతికే మాస్టర్లము. అయినా ఒప్పుకున్నాము. ఎందుకు ఒప్పుకున్నామో మా ఇంట్లో జరిగిన సంగతి వింటే మీకే తెలుస్తుంది. మా తెలుగులో ఉర్దూ వాసన వస్తే పెద్దమనసుతో మన్నించగలరు.

రెండేళ్ళ కిందటి మాట. మా చెల్లెలు పటాన్‌చెరు దగ్గర ఒక కిరాయి గదిలో ఉంటుంది. బావగారు కాంట్రాక్టు కూలీగా ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతారు. కాన్పు తర్వాత చెల్లెలికి కామెర్లు వచ్చి నెల రోజులు మంచం పట్టింది. ఆ గడబిడలో బాబుకు డబ్బా పాలు మొదలుపెట్టినారు. తర్వాత తల్లిపాలు తగ్గిపోయినాయి. మొదటి డబ్బా మేమే కొనుక్కుని పోయినాము. సైన్సు మాస్టర్లం కదా, డబ్బా తిప్పి, వెనుక ఉన్న పట్టీ అంతా చదివి వినిపించినాము. కాల్షియం ఇంత, ఇనుము ఇంత, జింక్ ఇంత. "అన్నీ ఉన్నాయమ్మా, బేఫికర్‌గా పట్టు" అని చెప్పి వచ్చేసినాము.

కొంతకాలానికి బావగారికి పని దినాలు తగ్గినాయి. నాలుగు రోజులకు అయిపోవలసిన డబ్బాను చెల్లెలు ఎనిమిది రోజులు సాగదీయడం మొదలుపెట్టింది. నీళ్ళు అంతే, పొడి సగం. సీసాలో పాలు తెల్లగానే కనిపిస్తాయి. బాబు కడుపు నిండా తాగుతున్నాడు, కానీ ఊరికే ఏడుస్తున్నాడు. అంగన్‌వాడీలో తూకం వేస్తే పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. ఆ రోజు మేము అక్కడే ఉన్నాము. డబ్బా మంచిదేనని అంగన్‌వాడీ టీచరమ్మకు అంకెలు చెప్పబోయినాము. ఆమె, "డబ్బా ఏదైతే నాకెందుకు సార్, పాలు ఎట్ల కలుపుతున్నరో చూపించమనండి" అన్నది. చెల్లెలు కలిపి చూపించింది. గదిలో ఎవ్వరమూ మాట్లాడలేదు.

దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ, ఇంకొన్నాళ్ళు ఇట్లాగే సాగితే రక్తంలో ఉప్పు పడిపోయి బిడ్డకు ఫిట్స్ వచ్చేవని చెప్పింది. మేము డబ్బా మీది అంకెలు చదివినాము గాని, సీసాలో ఏముందో చూడలేదు. ఆ సిగ్గుతోనే ఈ విషయం గురించి చదివినాము, తెలిసినవారిని అడిగినాము. తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

ముందుగా ఆ అంకెలు ఎట్లా వస్తాయో చూద్దాం. పాలల్లో కాల్షియం ఉందంటే కంటికి కనిపించదు. ప్రయోగశాలలో పాలపొడిని తూచి, చిన్న గిన్నెలో పోసి, దాదాపు 550 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి గల విద్యుత్ కొలిమిలో పెడతారు. కొవ్వు, చక్కెర, మాంసకృత్తులు అన్నీ కాలిపోతాయి. చివరికి తెల్లని బూడిద మిగులుతుంది. కాలకుండా మిగిలిన ఆ బూడిదలోనే ఖనిజాలు ఉంటాయి. ఒక లీటరు ఆవుపాలు కాల్చితే సుమారు 7 గ్రాముల బూడిద, అంతే తల్లిపాలు కాల్చితే సుమారు 2 గ్రాముల బూడిద మిగులుతుంది. అంటే తల్లిపాలల్లో ఖనిజాలు తక్కువ. దీన్ని లోపం అనుకోకండి. పసిబిడ్డ మూత్రపిండాలు ఇంకా లేతవి. ఎక్కువ ఉప్పును బయటికి పంపలేవు. ఆవుపాలల్లో సోడియం తల్లిపాలకు దాదాపు మూడింతలు, కాల్షియం దాదాపు నాలుగింతలు. అది దూడకు సరిపోయే లెక్క. మన బిడ్డకు మన లెక్క వేరు.

ఇక ఆ బూడిదను ఆమ్లంలో కరగదీసి మంటలోకి పంపుతారు. మన వంటింట్లో అన్నం గంజి పొంగి స్టవ్ మీద పడితే మంట పసుపుపచ్చగా మారుతుంది చూడండి, అది ఉప్పులోని సోడియం చేసే పని. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క వెలుగు. 1859, 1860 ప్రాంతంలో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ వెలుగులను బట్టి మూలకాలను గుర్తించే పద్ధతి కనిపెట్టినారు. ఆ తర్వాత 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ అనే ఆయన, మంటలోని పరమాణువులు ఎంత వెలుగును మింగుతున్నాయో కొలిచి, ఏ లోహం ఎంత ఉందో చెప్పే మార్గం చూపినాడు. దాన్ని అటామిక్ అబ్సార్ప్షన్ అంటారు. ఇప్పుడు ఆర్గాన్ వాయువును కొన్ని వేల డిగ్రీల వేడికి తెచ్చి, ఒకేసారి ఎన్నో మూలకాలను కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయి.

యంత్రం ఎంత గొప్పదైనా దానికి తూకంరాయి కావాలి. కిరాణా దుకాణంలో కాంటా సరిగ్గా ఉందా లేదా అని ముద్ర వేసిన రాయితో చూసినట్టే, ప్రయోగశాలలో కూడా ముందే లెక్క తెలిసిన నమూనాను పరీక్షించి చూసుకుంటారు. అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఇందుకోసమే పాలపొడి నమూనాను తయారుచేసి ప్రయోగశాలలకు అమ్ముతుంది. ఏమీ వేయని ఖాళీ నమూనాను కూడా పరీక్షిస్తారు. దానిలో కూడా ఇనుము కనిపించిందంటే అది పాలదికాదు, గిన్నెదో ఆమ్లందో అన్నమాట.

డబ్బా పాలకు కనీసం ఇంత ఉండాలి అని మాత్రమే కాదు, ఇంతకు మించరాదు అని కూడా నియమం ఉంటుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం 1981లో వచ్చి, 2007లో సవరించబడింది. దాని ప్రకారం ప్రతి 100 కిలోకాలరీల పాలకు సోడియం 20 మిల్లీగ్రాములకు తగ్గరాదు, 60కి మించరాదు. కాల్షియానికి, భాస్వరానికి మధ్య నిష్పత్తి కూడా 1కి తగ్గకుండా, 2కు మించకుండా ఉండాలి. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని మన పెద్దలు అనుకుంటారు. పసిబిడ్డ విషయంలో అది చెల్లదు.

ఈ కొలతలు ఊరికే రాలేదు. బిడ్డలు బాధపడిన తర్వాతనే వచ్చినాయి. 1978లో అమెరికాలో ఒక కంపెనీ తన సోయా పాలపొడిలో ఉప్పు కలపడం మానేసింది. ఉప్పు తగ్గితే మంచిదనే అనుకున్నారు. ఉప్పుతో పాటు క్లోరైడ్ కూడా పోయింది. మిగిలినది ఎంతో సరిగ్గా కొలిచి చూడలేదు. 1979లో బిడ్డలు ఆకలి లేక, బరువు పెరగక ఆసుపత్రులకు రావడం మొదలైంది. వందకు పైగా పిల్లలకు జబ్బు చేసింది. ఆ తర్వాతనే 1980లో అక్కడ పాలపొడి చట్టం వచ్చింది. ఏ పోషకం ఎంత ఉండాలో, కంపెనీ ఎట్లా పరీక్ష చేయాలో అందులో రాసినారు.

అంతకు ముందు 1955లో జపాన్‌లో ఇంకా ఘోరం జరిగింది. మొరినాగా అనే కంపెనీ పాలపొడిలో, పాలు విరగకుండా కలిపే ఒక ఫాస్ఫేట్ లవణంలో ఆర్సెనిక్ ఉంది. మన ఇళ్ళల్లో సంఖియా అంటామే, అదే. పన్నెండు వేలకు పైగా పసిపిల్లలు విషానికి గురైనారు, వంద మందికి పైగా చనిపోయినారు. పాలు మంచివే, డబ్బా మంచిదే. కలిపిన చిటికెడు లవణం ఎంత శుద్ధమైనదో చూసుకోలేదు. ఏది ఉండాలో కొలిస్తే చాలదు, ఏది ఉండకూడదో కూడా కొలవాలి.

ఇవన్నీ ఎక్కడో జరిగిన సంగతులు, మాకేమిటి అంటారా? మన దేశం సంగతి, మన వంటింటి గిన్నె సంగతి చెప్తాము. ఒకప్పుడు మన దేశంలో ఏడాది, రెండేళ్ళ పిల్లలకు కాలేయం గట్టిపడి చనిపోయే జబ్బు ఒకటి ఉండేది. కారణం చాలాకాలం అంతుచిక్కలేదు. పుణేలో పండిట్ గారు, ఇంగ్లండు నుంచి వచ్చిన టానర్ గారు, వారి తోటి డాక్టర్లు, ఈ పిల్లల ఇళ్ళల్లో పాలు ఏ గిన్నెలో కాస్తున్నారో అడిగినారు. చాలా ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలు. పాలు రాగిని పట్టుకుంటాయి. కళాయి అరిగిపోయిన ఇత్తడి గిన్నెలో కాచి, అందులోనే నిలువ ఉంచితే రాగి పాలల్లోకి దిగుతుంది. 1983లో వారు దీన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించినారు. స్టీలు గిన్నెలు వచ్చి, ఈ సంగతి తల్లులకు చెప్పిన తర్వాత ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. మందుతో కాదు, గిన్నె మార్చడంతో. ఇప్పటికీ మన ఇళ్ళల్లో జహేజ్‌లో వచ్చిన ఇత్తడి పతీలాలు ఉన్నాయి. బిర్యానీకి వాడుకోవాలంటే కళాయి వేయించి వాడుకోండి. పసిబిడ్డ పాలకు మాత్రం వద్దు.

ఇక నీటి సంగతి. మామూలుగా డబ్బాల మీద ఒక చెంచా పొడికి 30 మిల్లీలీటర్ల నీరు అని రాసి ఉంటుంది. చెంచా పొడి నాలుగున్నర గ్రాముల వరకు తూగుతుంది. లెక్క కట్టి చూడండి, బిడ్డ తాగే వంద గ్రాముల పాలల్లో 87 గ్రాములు మన నీళ్ళే. కంపెనీ కొలిచింది మిగిలిన 13 గ్రాములనే. ఆ 87 గ్రాములను కొలవవలసిన బాధ్యత ఎవరిది?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. 1970వ దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. ఎంతోమందికి అన్నం పెట్టింది, మన సొసైటీలో సగం ఇళ్ళు దాని మీదనే నిలబడ్డాయి. కాదనము. కానీ ఫ్యాక్టరీల నీరు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీర వైపుకు పోయింది. వాగు పక్క పొలాలు, బావులు పాడైనాయి. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు దీని కోసం జీవితమంతా పోరాడి, 2014లో కన్నుమూసినారు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. హైదరాబాదులోని ఎన్‌.జి.ఆర్‌.ఐ. శాస్త్రజ్ఞులు ఇక్కడి మట్టిని ఎక్స్‌రే పద్ధతిలో పరీక్షించి, 2001లో ప్రకటించిన వ్యాసంలో భారలోహాలు చేరినట్టు చూపినారు.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ప్రతి బోరులోనూ విషం ఉందని మేము అనము. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక శుద్ధి చేసిన నీరు చాలా ఇళ్ళకు వస్తున్నది. కానీ నల్లా రాని రోజు మనం ఏం చేస్తాం? పక్కింటి బోరు నుంచి బిందె తెచ్చుకుంటాం. ఆ బోరు మంచిదో కాదో రుచి చూసి చెప్పలేము. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించరాదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది, ఒకటిన్నర దాటనే కూడదు. ఆర్సెనిక్ అయినా, లెడ్ అనే సీసం అయినా 0.01 మిల్లీగ్రాము దాటరాదు. 0.01 అంటే ఎంత? 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై నింపి, వాటన్నింటిలో కలిపి ఒకే ఒక్క గ్రాము. ఇంత సూక్ష్మమైన దాన్ని నాలుక ఎట్లా చెప్తుంది?

మా దాదీమా ఉన్నప్పుడు ఏ నీళ్ళైనా కాచి ఇచ్చేది. కాచడం చాలా మంచి అలవాటు, క్రిములు చస్తాయి. కానీ ఖనిజాలు చావవు. లీటరు నీటిని అరలీటరు అయ్యేదాకా మరిగిస్తే నీరు సగమవుతుంది, నైట్రేటు, ఫ్లోరైడు చిక్కబడి రెండింతలవుతాయి. కాబట్టి కాచడానికి ముందు మంచి నీటిని ఎంచుకోవాలి.

ఆరు నెలలు నిండిన తర్వాత బిడ్డకు పై తిండి మొదలవుతుంది. అక్కడ మన ప్రాంతానికి గర్వకారణమైన సంగతి ఒకటి ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది కదా. అక్కడి శాస్త్రజ్ఞులు వేలాది సజ్జ రకాల గింజల్లో ఇనుము, జింక్ ఎంతెంత ఉందో కొలుస్తారు. గింజను కాల్చకుండా, ఆమ్లం పోయకుండా, ఎక్స్‌రే యంత్రంలో పెట్టి నిమిషాల్లో చూస్తారు. అట్లా ఎంచి పెంచిన 'ధనశక్తి' సజ్జ 2012లో మహారాష్ట్రలో, 2014లో దేశమంతటికీ విడుదలైంది. దానిలో కిలోకు సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము, 40 మిల్లీగ్రాముల జింక్ ఉంటాయి. ఖరీదైన డబ్బా తిండి కొనలేకపోయినామని ఏ తల్లీ బాధపడనక్కర లేదు. మెత్తగా వండిన సజ్జ, జొన్న, కందిపప్పు ఖిచ్డీ, గుడ్డు, మెత్తగా చేసిన ఖీమా, ఇవన్నీ బిడ్డకు బలమే. అయితే గింజలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం అడ్డుపడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఎక్కువ పడుతుంది. కొలిచిన అంకె గింజలోది, ఒంట్లోది కాదు.

ఇంకొక్క మాట, కొంచెం చేదుగా ఉంటుంది. పసిబిడ్డ కళ్ళకు సుర్మా పెడతాం. నజర్ తగలకూడదని, కళ్ళు పెద్దవి కావాలని. ఎన్నో దేశాల్లో పరీక్ష చేసిన సుర్మాలు చాలావాటిలో ఉన్నది లెడ్ సల్ఫైడే. బిడ్డ కళ్ళు నులుముకుంటుంది, ఆ వేలే నోట్లో పెట్టుకుంటుంది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత ఉంటే పరవాలేదు అనే హద్దు దానికి లేదు. పాలపొడిలో ఏముందని అడిగే మనం, సుర్మాదానిలో ఏముందని కూడా అడగాలి. తెలియనంత కాలం పసిపిల్లలకు మానేయండని చేతులు జోడించి కోరుతున్నాము.

మరి మనం చేయవలసింది ఏమిటి? అన్నిటికన్నా ముందు, ఆరు నెలల దాకా తల్లిపాలే. తల్లికి జ్వరం వచ్చిందని, కామెర్లు వచ్చినాయని మనమే ఆపించకుండా, డాక్టరును అడిగి నిర్ణయించాలి. డబ్బా తప్పనిసరి అయినప్పుడు డబ్బాలో వచ్చిన చెంచానే వాడాలి. కత్తితో సమం చేయాలి, కుప్పగా పోయకూడదు, తగ్గించకూడదు. ముందు నీళ్ళు, తర్వాత పొడి. పొడిలో క్రిములు ఉండవచ్చు కాబట్టి కాచిన నీరు 70 డిగ్రీలకు తగ్గకముందే కలిపి, తర్వాత గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. డబ్బా కొనే స్తోమత లేకపోతే నీళ్ళు పెంచకండి. సిగ్గుపడకుండా అంగన్‌వాడీలో చెప్పండి, సొసైటీలో చెప్పండి.

అనుమానం వచ్చినప్పుడు అడిగే హక్కు కూడా మనకు ఉంది. 2006 ఆహార భద్రతా చట్టంలోని 40వ సెక్షను ప్రకారం, కొన్న ఆహారాన్ని ఎవరైనా రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. లోపం తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. మన రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. ఇక 1992 చట్టం ప్రకారం డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వడమే నిషేధం. డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా ఉండకూడదు. మన సావనీరుకు ప్రకటనలు తెచ్చే యువకులు ఈ సంగతి గుర్తుంచుకోగలరు.

కార్యవర్గానికి మా విన్నపాలు రెండు. ఒకటి, ఎండాకాలం రాకముందే మన ఇళ్ళవారు ఎక్కువగా వాడే బోర్ల నీటిని సీసాల్లో పట్టి, ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రంలో నైట్రేటు, ఫ్లోరైడు, వీలైతే ఆర్సెనిక్, సీసం పరీక్ష చేయించాలి. ఫలితం ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి, ఆ బోరు దగ్గరనే బోర్డు పెట్టాలి. సీసాలు పట్టడానికి మా తొమ్మిదో తరగతి పిల్లలు వస్తారు, ఆ పూచీ మాది. రెండు, వజీఫాల నిధి నుంచి కొంచెం తీసి, డబ్బా పాలు తప్పనిసరి అయిన పేద ఇంటికి కొన్ని నెలలు ఆసరా ఇవ్వాలి. ఒక తల్లి పొడి తగ్గించిందంటే తెలివి లేక కాదు, చేతిలో పైసలు లేక. మా చెల్లెలికి లెక్క తెలుసు. డబ్బా నెలాఖరు దాకా రావాలన్న లెక్క కూడా తెలుసు.

తూకంలో తగ్గించేవారి గురించి ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. దాన్ని మనం బజారుకే వర్తింపజేస్తాం. బిడ్డ సీసా దగ్గర కూడా అది గుర్తుకు రావాలని మా మనవి.

మా మేనల్లుడు ఇప్పుడు బాగున్నాడు. సరిగ్గా కలిపి పట్టడం మొదలుపెట్టినాక నెలలోపే తూకం పెరిగింది. చెల్లెలు మళ్ళీ రొమ్ము పట్టడం మొదలుపెట్టి, కొంతవరకు తన పాలు కూడా ఇవ్వగలిగింది. ఆ డబ్బా చెంచా ఇంకా ఆమె వంటింట్లోనే ఉంది. పోయిన నెల పక్క గదిలో ఒక కొత్త తల్లికి, కత్తితో పొడి సమం చేసి ఎట్లా కలపాలో చూపిస్తుంటే మేము గుమ్మం దగ్గర నిలబడి చూసినాము. ఈసారి డబ్బా మీది అంకెలు చదివి వినిపించలేదు.